ఒకే ముఖాన్ని ఏళ్ల తరబడి వేస్తున్నవాళ్లు ఉన్నారా? పెయింటింగ్, ప్రింట్ రెండూ చేసేవాళ్లు చెప్పండి

రాగిరేకు:
మా నాయనమ్మ ముఖాన్ని మొదట ఆయిల్‌లో వేశాను, తర్వాత డ్రైపాయింట్ (రాగిరేకు మీద సూదితో గీసి, ఇంకు పట్టించి తీసే ప్రింట్) చేశాను, ఇప్పుడు మళ్లీ కాన్వాస్ మీద మొదలుపెట్టాను. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది, నాకు గుర్తున్న ముఖం కూడా మారిపోతూ వస్తోంది, ఆ మార్పునే పట్టుకోవాలని నా తాపత్రయం. చూసినవాళ్లు మాత్రం సబ్జెక్ట్ మార్చమంటున్నారు.

ఓస్లో_తెలుగు:
దయచేసి మార్చకండి. ‘ది స్క్రీమ్’ వేసిన ఎడ్వర్డ్ ముంక్‌నే తీసుకోండి, వాళ్లక్క సోఫీ 1877లో క్షయతో పోయింది, అప్పటికి ఆమెకు 15 ఏళ్లు. ఆ జ్ఞాపకంతోనే ‘ది సిక్ చైల్డ్’ మొదటి పెయింటింగ్ 1885-86లో వేశాడు, ఆ తర్వాత 1920ల దాకా మళ్లీ మళ్లీ వేసి మొత్తం ఆరు చేశాడు. మధ్యలో 1894లో డ్రైపాయింట్, 1896లో పారిస్‌లో కలర్ లిథోగ్రాఫ్ (రాతి పలక మీద గీసి తీసే ప్రింట్). మొదటి పెయింటింగ్ ఇక్కడ ఓస్లో నేషనల్ మ్యూజియంలో ఉంది. దగ్గరికెళ్లి చూస్తే రంగు వేసి, గీకేసి, మళ్లీ వేసిన గాట్లు కనిపిస్తాయి. నాకైతే ఆ పిల్ల ముఖం కన్నా ఆ గాట్ల దగ్గరే గొంతు పట్టేసింది.

ప్రెస్_పక్కన:
డ్రైపాయింట్ చేశారు కాబట్టి ఒక మాట. సూదితో గీసినప్పుడు గీత పక్కన సన్నగా రాగి పైకి లేస్తుంది కదా, ఆ బర్ ఇంకు పట్టుకోబట్టే మెత్తటి నలుపు వస్తుంది. ప్రెస్ కింద నలిగి అది ప్రతి ప్రింట్‌కీ కొంత అరిగిపోతుంది, చివరికి సన్న గీత మాత్రమే మిగులుతుంది. స్టీల్ ఫేసింగ్ (రాగి ప్లేట్ మీద పల్చటి ఇనుప పూత) చేయిస్తే అంత తొందరగా అరగదు గానీ మీ పనికి ఆ అరుగుదలే కావాలని నా గట్టి అభిప్రాయం. లేతగా వచ్చినవి పారేయకుండా వరసగా నంబర్లు వేసి అన్నీ దాచండి. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1653లో చేసిన ‘త్రీ క్రాసెస్’ ప్లేట్ అరిగాక దాని మీదే మళ్లీ పనిచేశాడు, కొందరు మనుషుల్ని చెరిపేశాడు, బొమ్మంతా చీకటి కమ్మింది. వీలైతే మార్చకముందు, మార్చాక తీసిన ప్రింట్లు (వీటినే స్టేట్లు అంటారు) పక్కపక్కన పెట్టి చూడండి.

మెదక్_గీతలు:
మన లక్ష్మాగౌడ్ గారిని మరిచిపోతే ఎలా? 1940లో మెదక్ ప్రాంతంలోని నిజాంపూర్‌లో పుట్టారు. ఊరి మనుషులు, మేకలు, చెట్లు ఆయన ఎచింగుల్లోనూ (రేకు మీద గీతల్ని యాసిడ్‌తో తినిపించి తీసే ప్రింట్లు) పెయింటింగుల్లోనూ మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి, సబ్జెక్ట్ అయిపోయిందని నాకెప్పుడూ అనిపించలేదు.

కాన్వాస్_కబుర్లు:
నేను కొంచెం వేరేగా అంటాను. మళ్లీ వేసినంత మాత్రాన కాలం బొమ్మలోకి రాదు, చేతికి అలవాటైపోయి అదే గీత పడే ప్రమాదం కూడా ఉంది. ముంక్ లిథోగ్రాఫ్‌లో, పెయింటింగ్‌లో పక్కన తల వంచుకుని కూర్చున్న ఆవిడ లేదు, దిండు మీద పిల్ల తల ఒక్కటే ఉంచాడు. ఒకే బొమ్మని రంగులు మార్చి మార్చి తీశాడు. ఏం వదిలేశారో అక్కడే కాలం తెలుస్తుంది. మీ మూడో బొమ్మలో నాయనమ్మవి ఏవి పోయాయి?

రాగిరేకు:
చెవుల కమ్మలు పోయాయండి, నిజంగానే, ఇప్పటిదాకా గమనించలేదు. డ్రైపాయింట్‌లో ఉన్నాయి. ఈసారి ఫొటో చూడకుండానే వేస్తాను. ప్లేట్ ఇంకా నా దగ్గరే ఉంది, అది కూడా బయటికి తీసి అరిగేదాకా ప్రింట్లు తీస్తా, అన్నీ ఇక్కడే పెడతాను.