అప్‌డేట్: నూరువరహాల మొక్క మళ్ళీ పూసింది

అమలాపురం దగ్గర మా ఇంటి ప్రహరీ పక్కన నాటిన నూరువరహాల మొక్కకు లేత ఆకులు ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలి, తక్కినదంతా పసుపు బారుతున్నదని వేసవిలో అడిగాను. అది ఇనుము లోపం కావచ్చని, మట్టిలో సున్నం ఎక్కువైతే మొక్కకు ఇనుము అందదు కనుక గోడ పక్కన సున్నం చేరిందేమో చూసుకోమని మీలో కొందరు చెప్పారు. వారి మాటే నిజమైంది. మొదలు పక్కన జానెడు లోతు తవ్వగా, ఇల్లు కట్టిననాటి సిమెంటు పెచ్చులు గంపెడు బయటపడ్డాయి. దానికి తోడు, కాలువలకు నీరు ఆపేసిన నెలల్లో నేను పోసినదంతా ఉప్పదనమున్న బోరు నీరే.

పెచ్చులు ఏరివేసి, వానల్లో మా నల్లమట్టిలో నీరు నిలవకుండా మొదలు చుట్టూ మట్టిని ఎత్తుచేసి, బాగా చివికిన పశువుల ఎరువును, కొబ్బరి పీచు పొట్టును కలిపాను. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుమును అందించే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు చొప్పున కలిపిన ద్రావణాన్ని వారం ఎడంతో మూడుసార్లు సాయంత్రం పూట పిచికారీ చేశాను. ముదిరిన పసుపు ఆకులు పూర్తిగా కోలుకోలేదు గాని, కొత్త చిగుళ్ళు పచ్చగా వచ్చాయి.

ఈ మొక్క కొమ్మల చివరనే పూస్తుంది కనుక, వాడిన గుత్తులను వెంటనే కత్తిరించి పక్క కొమ్మలు రానివ్వమన్న సలహా నాకు అన్నిటికంటే ఉపయోగపడింది. (పూజకు రోజూ కోసుకుంటే కత్తెరతో పనేమిటని మా అత్తగారి వాదన.) ప్రస్తుతం చెట్టుకు పదకొండు ఎర్రని గుత్తులున్నాయి.