నాలుగు స్వరాలతో రాగం నిలుస్తుందా? బాలమురళి గారి మహతి, లవంగి మీద చర్చ

షడ్జమం:
మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు (1930–2016) మహతి, లవంగి వంటి నాలుగు స్వరాల రాగాల్లోనూ, సర్వశ్రీ (స, శుద్ధ మధ్యమం, ప) వంటి మూడు స్వరాల వాటిలోనూ కృతులు కట్టారు. వీటిని రాగాలనవచ్చా, సృష్టించానని చెప్పుకోవచ్చా అని 1980లలో వీణ ఎస్. బాలచందర్ గారు గట్టిగానే నిలదీశారు. నా ఓటు బాలచందర్ గారికే. షడ్జం (స) పోగా మిగిలిన 11 స్వరస్థానాల్లో ఏ మూడు తీసుకున్నా నాలుగు స్వరాల వరస వస్తుంది. అలా మొత్తం 165. పేరు పెట్టి కృతి రాస్తే అన్నీ రాగాలైపోతాయా?

కృష్ణాతీరం:
లెక్క సరే, స్వరాంతరం (నాలుగు స్వరాల వరస) మనకు కొత్త కాదు కదండీ. నవరసకన్నడ రాగం ఆరోహణ (ఎక్కే వరస) స గ మ ప స, నాలుగే. వివర్ధని ఆరోహణ స రి మ ప స, అదీ నాలుగే. రెంటిలోనూ త్యాగరాజస్వామి కృతులున్నాయి. హిందుస్తానీలో మాలశ్రీని స గ ప మీదే నడుపుతారు.

షడ్జమం:
మీరు సగమే చెప్పారు. నవరసకన్నడ అవరోహణ (దిగే వరస) స ని ధ మ గ రి స, ఆరు స్వరాలు. వివర్ధని అవరోహణ సంపూర్ణం, అంటే ఏడు స్వరాలూ ఉంటాయి. ఆ రాగాల ఆలాపనకు తిండి పెట్టేది అవరోహణే. మహతిలో దిగేటప్పుడూ అవే నాలుగు.

కమాను:
వాయించే వైపు నుంచి చూస్తే గొడవంతా గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) దగ్గరే. మహతి అంటే స, అంతర గాంధారం, ప, కైశికి నిషాదం. వలజి రాగంలోంచి ధైవతం (ధ) తీసేస్తే మిగిలేది ఇదే. ని నుంచి ప కు తీరుబడిగా జారు వేశారా, దారిలో ధ వినబడి వలజి అయిపోతుంది. అందుకే ఆ జారు చురుగ్గా తెగాలి, ఫిడేలు మీదైతే వేలు జరిగేటప్పుడు కమాను ఒత్తిడి తగ్గించాలి. గాంధారానికి కంపితం (ఊపు) ఇస్తే మధ్యమం తగులుతుంది, కాబట్టి దాన్ని నిలకడగా పట్టుకోవాలి.

లవంగి (స, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం) ఇంకా కష్టం. మ నుంచి ధ కు వెళ్తూ ప ను తాకితే కర్ణాటక శుద్ధ సావేరి రాగం పలుకుతుంది. దీనికి తంబూరా పంచమం తీగను మధ్యమానికి దించాలి. దించకపోతే మీరు వదిలేసిన స్వరాన్ని తంబూరా రాగమంతా మోగిస్తూనే ఉంటుంది.

షడ్జమం:
అంటే గాయకుడి పని చాలావరకు ఏం పాడకూడదో చూసుకోవడమేగా! కల్పనస్వరాలకు (అప్పటికప్పుడు అల్లే స్వరాలకు) నాలుగు స్వరాల అమరికలు 24, ఐదైతే 120. నాలుగు ఆవర్తాలు (తాళం చుట్లు) అయ్యేసరికి విన్నదే మళ్ళీ వినబడుతుంది.

కృష్ణాతీరం:
అమరికలే లెక్కయితే 5040 ఉన్న సంపూర్ణ రాగాలే గొప్పవి, ఐదు స్వరాల మోహన, హిందోళం మూలన కూర్చోవాలి. కాలం (వేగం), కార్వై (స్వరాన్ని నిలపడం), ఎడుపు (తాళంలో ఎత్తుకునే చోటు) ఎక్కడికి పోయాయి?

మేళకర్త_29:
ఎవరూ ఎత్తని సంగతి ఒకటి. లవంగికి జనకం, అంటే అది పుట్టిన మేళం (72 ఏడు స్వరాల మూల రాగాల్లో ఒకటి) ఏది? గ, ని లేవు కనుక 1, 2, 3, 7, 8, 9, 13, 14, 15 మేళాలు తొమ్మిదీ సరిపోతాయి. కనకాంగి అన్నా తోడి అన్నా మాయామాళవగౌళ అన్నా కాదనలేం. గ్రహభేదం (రాగంలోని వేరే స్వరాన్ని షడ్జంగా తీసుకోవడం) చూడండి: లవంగి రిషభాన్ని షడ్జం చేస్తే స గ ప ని వస్తుంది, అంటే మహతే, నిషాదం మాత్రం కైశికి బదులు కాకలి. 1952లోనే 72 మేళకర్తల కృతులు అచ్చువేసిన బాలమురళి గారికి ఈ లెక్కలు తెలియవనుకోను. ఆయన మేళం చట్రాన్ని తెలిసే వదిలేశారని నా అభిప్రాయం. తప్పంటే అనండి, తెలియక చేశారనకండి.

షడ్జమం:
తెలియదని నేనూ అనలేదు. మహతిలో ఆయన కట్టిన 'మహనీయ మధురమూర్తే' మంచి కృతి. కృతి ఉంది, రాగం లేదు అంటున్నాను.

కృష్ణాతీరం:
బహుదారి రాగంలో త్యాగరాజస్వామిది 'బ్రోవ భారమా' ఒక్కటే. తర్వాతివాళ్ళు పాడి పాడి పెద్ద చేశారు. మహతి కూడా బాలమురళి గారి చేతిలోనే ఆగిపోలేదు, 1975 తమిళ సినిమా 'అపూర్వ రాగంగళ్'లో ఎం.ఎస్. విశ్వనాథన్ పాట కట్టారు.

షడ్జమం:
సినిమా పాట వద్దు. బాలమురళి గారు కాక ఇంకెవరైనా మహతిలో ఆలాపన, నెరవు (సాహిత్యంలో ఒక పంక్తిని రకరకాలుగా విస్తరించడం), స్వరం మూడూ చేసిన రికార్డింగ్ ఉంటే లింకు పెట్టండి. వలజి తగిలిన చోటల్లా నిమిషం, సెకండుతో సహా రాసి ఇక్కడే పెడతాను.