ఫ్రీజ్‌కి ‘ఘనీభవనం’ వద్దు, మరేమనాలి?

తిరుపతి నుంచి అడుగుతున్నాను. కంప్యూటర్లు నడిపే ఉచిత లినక్స్ వ్యవస్థ డెబియన్ గురించి తెలుగులో చిన్న పరిచయం రాస్తున్నా. కొత్త వెర్షన్ విడుదలకు కొన్ని నెలల ముందే పెద్ద మార్పులు ఆపేస్తారు, దాన్ని ఫ్రీజ్ అంటారు. ‘ఘనీభవనం’ అని రాసి అక్కకు చూపిస్తే, "ఇదేంది, సైన్సు నోట్సా?" అనేసింది.

నాకు ‘చాటింపు’ తోచింది. గంగమ్మ జాతరకు చాటింపు వేశాక పొలిమేర దాటిపోయి రాత్రి ఉండకూడదని మా ఇంట్లో ఇప్పటికీ పట్టింపే. ఇంటి పనులు ఆగవు, కొత్త ప్రయాణాలు మాత్రం పెట్టుకోరు. ఫ్రీజ్‌లోనూ తప్పులు దిద్దుతూనే ఉంటారు, కొత్తవి నెత్తికెత్తుకోరు. డెబియన్ 13కి ఫ్రీజ్ 2025 మార్చి 15న మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా బిగించి, ఆగస్టు 9న విడుదల చేశారు. ఈ మాట నిలుస్తుందా?

పలమనేరు నుంచి: నిలుస్తుంది. అయితే చాటింపు ఆపే మాట. ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే మాటలు సేద్యంలో ఉన్నాయి: అదును, పదును. జంటపదమని కలిపేస్తాం గానీ రెండూ వేరు. అదును కాలం, పదును నేలలో తడి. వాన పడిన మర్నాడు మా నాయన చేలో మన్ను తీసి పిడికిట్లో నొక్కేవాడు. ముద్దయి, కింద వేస్తే విరిగిందంటే గొర్రు కట్టమనేవాడు. వేళ్ళకు అంటుకుంటే ఇంకో రోజు ఆగేవాడు. అదును దాటాక ఎంత వాన పడినా చెనిక్కాయల జోలికి పోడు, ఉలవలు చల్లేవాడు.

తిరుపతి: అన్నా, భలే అతికింది. కంప్యూటర్లలో పాత 32 బిట్ల సమయపు లెక్క 2038 జనవరి 19న నిండిపోతుంది. దాన్ని 64 బిట్లకు మార్చాలంటే లైబ్రరీలు (ప్రోగ్రాములు పంచుకునే కోడ్), వాటి మీద ఆధారపడినవి అన్నీ కలిపి తిరగకట్టాలి. డెబియన్ 12 2023 జూన్ 10న విడుదలైపోయింది, 2024 మొదట్లో ఈ పని ఎత్తుకున్నారు. వారాల తరబడి అంతా గజిబిజే, అయినా చాటింపుకి ఇంకా ఏడాది ఉంది. పాత ప్రోగ్రాములు నడవాలని ఐ386ని (పాత 32 బిట్ల పీసీల రకాన్ని) మాత్రం కదపలేదు.

చిత్తూరు నుంచి: మరి సిస్టమ్‌డీ (కంప్యూటర్ ఆన్ కాగానే మిగతా ప్రోగ్రాములను మొదలుపెట్టేది) సంగతి? దాన్నే వాడాలా అని 2014 ఫిబ్రవరిలో డెబియన్ సాంకేతిక కమిటీలో ఓట్లు సమానమై, అధ్యక్షుడి ఓటుతో దాని వైపే తేలింది. ఫ్రీజ్‌కి తొమ్మిది నెలల ముందు, అదును తప్పలేదు. అయినా నవంబరు 5న ఫ్రీజ్ పడ్డాక కూడా దాని మీదే డెబియన్ సభ్యులు ఓటేశారు. గెలిచిందేమిటంటే, ‘ఈ విషయంపై తీర్మానమే అక్కర్లేదు’ అన్నది!

పలమనేరు: అక్కడ పదును లేదు. తేదీ సరిపోయింది, మనసులు ఎండిపోయి ఉన్నాయి. పొడి దుక్కిలో విత్తితే గింజ మొలవదు, చీమలకు మేత. ఓటు తప్పని నేననను, ఎవరో ఒకరు తేల్చాల్సిందే కదా. ఆ మొలక కోసం అంత గోల ఎందుకైందో చెబుతున్నానంతే.

తిరుపతి: అక్కకు మళ్ళీ చూపించా. చాటింపు ఉంచమంది. ‘పదును’ చూస్తే మాత్రం కత్తి గుర్తొస్తుందట, ‘తడి పదును’ అని రాయమంటోంది.

పలమనేరు: తడి ఎందుకమ్మా మళ్ళీ. "పదునైందా?" అని అడిగితే మా ఊళ్ళో కత్తి వైపు ఎవరూ చూడరు, ఆకాశం వైపే చూస్తారు.