సంతకం చేశామని రిసార్టు బాధ్యత తీరిపోతుందా?

మేము బెంగళూరులో ఉంటాము. సకలేశపుర దగ్గర కాఫీ తోటలోని ఒక రిసార్టులో, రాత్రి భోజనం ముగించుకుని గదికి వస్తున్న మా అత్తగారు, లైటు గాని పట్టుకోవడానికి రెయిలింగు గాని లేని, పాచి పట్టిన రాతిమెట్ల మీద జారిపడగా మణికట్టు విరిగింది. పల్లె వాతావరణం ఇలాగే ఉంటుందని, పైగా ప్రమాదాలకు తాము బాధ్యులం కామన్న కాగితం మీద మేము సంతకం చేశామని యాజమాన్యం అంటోంది. మట్టిగోడలు కోరుకునే వెళ్లాము, నిజమే. కానీ అంత డబ్బు తీసుకునేవారు మెట్ల దగ్గర ఒక బల్బు పెట్టలేరా? 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే, రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు గనుక, బెంగళూరులోనే వేయాలనుకుంటున్నాము. అలాంటి సంతకం సేవాలోపానికి అడ్డుగోడ అవుతుందా? మెట్ల ఫొటోలు, ఆసుపత్రి బిల్లులు మా దగ్గర ఉన్నాయి. ఇంకా ఏ ఆధారాలు సేకరించాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.