మద్రాసు ఎండకి ట్రైలరు లోపల 47 డిగ్రీలు. అమ్మని అందులో ఎలా పడుకోబెట్టేది?

విల్లివాక్కం బండి:
నమస్కారమండీ. పోయిన దీపావళికి ఒక పాత ట్రావెల్ ట్రైలరు (కారు వెనక తగిలించి లాక్కెళ్ళే, లోపల పడుకునే వీలున్న బండి) కొన్నాను. పొడవు 16 అడుగులు, వెడల్పు 7. గోడలు, పైకప్పు అల్యూమినియం రేకు. పైన ఒకప్పుడు తెల్ల పెయింటు ఉండేది, ఇప్పుడు దుమ్ము, మసి పట్టి మట్టిరంగుకి తిరిగింది.

అమ్మకి 74 ఏళ్ళు. పుట్టిల్లు గూడూరు దగ్గర పల్లె. అక్కడ ఇల్లు పోయింది గానీ కొంత చేను, చేని గట్టున పెద్ద వేపచెట్టు మిగిలాయి. మామిడికాయల రోజుల్లో అక్కడ నాలుగు రోజులుండి రావాలని ఆవిడ కోరిక. బండి కొన్నదే అందుకు.

అగ్నినక్షత్రం ఎండలు మొదలయ్యాక ఇంటి ముందు ఎండలో నిలబెట్టి మూడు రోజులు కొలిచాను. మధ్యాహ్నం మూడింటికి బయట 39, లోపల బెర్తు మీద 47. 1 టన్ను ఏసీ ఉంది. పన్నెండింటికి వేస్తే సాయంత్రం ఆరు దాకా 34 కిందికి దిగలేదు. దాన్ని తీసేసి 1.5 టన్ను పెట్టించమని షాపువాళ్ళు అంటున్నారు. ఏసీ ఎందుకు, వాటర్ కూలర్ చాలంటాడు మా బావమరిది. రోహిణి కార్తెలోపే వెళ్ళి రావాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

అనంతపురం టు అడయార్:
కూలర్ సంగతి నాకు అనుభవమే. మా అనంతపురంలో వేసవంతా దానితోనే గడిచిపోయేది. వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లితే గది చల్లబడిపోయేది. అక్కడిది పొడిగాలి, నీళ్ళని ఇట్టే పీల్చుకుంటుంది. అదే కూలర్‌ని అడయార్ తెచ్చుకుంటే రెండో రోజుకే పక్క దుప్పట్లు చెమ్మగిల్లాయి. ఇక్కడ గాలిలోనే తడి ఉంది, చెమటే ఆరదు. తలుపులు మూసిన చిన్న బండిలో కూలర్ పెడితే ఉక్క ఇంకా పెరుగుతుంది. పెద్దావిడ ఉన్నారు కాబట్టి ఆ ప్రయోగం చెయ్యకండి.

పాత కోచ్ పనివాడు:
బాబూ, నేను పెరంబూరు ఐసీఎఫ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో, ఫర్నిషింగ్ డివిజన్‌లో చేసి రిటైరయ్యాను. ఏసీ పెట్టెల గోడల్లో ఇన్సులేషన్ కూరడం చాలా ఏళ్ళు నా పని. అందుకే చెబుతున్నాను, ముందు ఏసీ సైజు మాట పక్కన పెట్టు.

లెక్క చూడు. నీ పైకప్పు దాదాపు 10 చదరపు మీటర్లు. ఏప్రిల్ చివర్లో మద్రాసుకి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, మన నీడ కాళ్ళ కిందే పడుతుంది. మే అంతా ఇంచుమించు అదే వరస. అప్పుడు చదరపు మీటరు మీద పడే ఎండ దగ్గరదగ్గర 1000 వాట్లు. అంటే నీ పైకప్పు మీద 10 కిలోవాట్లు. 1 టన్ను ఏసీ బయటికి తోడగలిగేది 3.5 కిలోవాట్ల వేడి. పడిన ఎండంతా లోపలికి రాదనుకో, కానీ మాసిన రేకు చాలా తాగుతుంది, ఎండ ఉన్నంతసేపూ లోపలికి వదులుతూనే ఉంటుంది. రేకు మీద పడకముందే ఎండని ఆపాలి.

మొదట పైకప్పు సబ్బునీళ్ళతో రుద్ది కడుగు. తర్వాత ఎండని తిప్పికొట్టే తెల్ల పెయింటు రెండు పూతలు వెయ్యి. చవకని సున్నం మాత్రం కొట్టకు, అల్యూమినియాన్ని తినేస్తుంది.

రెండోది చలువపందిరి. పెళ్ళికి ఇంటి ముందు వేసినట్టే బండికీ వెయ్యాలి. నర్సరీల్లో కట్టే, 75 శాతం ఎండని ఆపే గ్రీన్ నెట్ బ్రాడ్‌వేలో దొరుకుతుంది. నాలుగు సరుగుడు కర్రలు పాతి, నెట్‌ని పైకప్పుకి అడుగు ఎత్తున లాగి కట్టు. రేకు మీదే పరిస్తే నెట్ వేడి రేకుకి దిగుతుంది, మధ్యలో గాలి ఆడాలి. పడమటి వైపు నేల దాకా దించు. ఊళ్ళో వేపచెట్టు ఉందన్నావు, అంతకన్నా మంచి పందిరి లేదు, ఎండు కొమ్మలుంటే ముందే కొట్టించు. కొబ్బరిచెట్టు కింద మాత్రం ఎప్పుడూ ఆపకు.

బండి పొడవు తూర్పు పడమరలుగా ఉండేలా నిలబెట్టు. పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకి వస్తాయి, పొద్దుటెండా సాయంత్రపుటెండా చిన్న గోడల మీదే పడతాయి. కిటికీలకి వెండిరంగు షీటు బయటివైపు కట్టు. లోపల కడితే అప్పటికే వేడి అద్దం దాటి వచ్చేసింది.

ఇన్సులేషన్ పని ఇప్పుడు పెట్టుకోకు. ప్యానెళ్ళు విప్పితే నెల పడుతుంది. వానలు పోయాక చేద్దువుగాని. అప్పుడు రేకుకీ ప్యానెల్‌కీ మధ్య ఇనప ఫ్రేము ఎక్కడ తగులుతోందో అక్కడ రబ్బరు పట్టీ వేయించు. ఎంత ఫోమ్ కూరినా వేడి ఆ ఫ్రేము వెంటే వస్తుంది. మా షాపులో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేను మొదట చూపించేది అదే.

విల్లివాక్కం బండి:
చాలా థాంక్సండీ, ఇంత వివరంగా రాశారు. ఇంకొక్కటి. చేనికి కరెంటు పక్కింటివాళ్ళు ఇస్తామన్నారు, 40 మీటర్ల దూరం. ఇంట్లో ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు సరిపోతుందా? లేకపోతే జెనరేటరు అద్దెకి తెస్తే?

వైరింగ్ పని, అంబత్తూరు:
సన్నవైరు వద్దు అన్నా. 2.5 చదరపు మి.మీ. రాగివైరు, మూడు కోర్లది వాడండి. చుట్ట పూర్తిగా విప్పెయ్యండి, చుట్ట మీద ఉంటే అక్కడే వేడెక్కుతుంది. మీది రేకు బండి, ఎర్తింగూ, కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్చీ లేకుండా అమ్మగారిని ఎక్కించకండి. సాయంత్రం వోల్టేజి పడిపోతుంది, స్టెబిలైజరు ఉంచండి. జెనరేటరు తెస్తే గాలి వాలు చూసి దూరంగా పెట్టండి. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన తెలియదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

విల్లివాక్కం బండి:
ఆదివారం పైకప్పు కడిగి నెట్ కట్టాను. పెయింటు ఇంకా వెయ్యలేదు. నిన్న మూడింటికి బయట 39, ఏసీ లేకుండా లోపల 41. ఈరోజు అదే 1 టన్ను ఏసీ పదకొండుకి వేస్తే ఒంటిగంటకి 29కి వచ్చింది. అన్నం తిన్నాక అమ్మని లోపల పడుకోమన్నాను. నాలుగున్నర దాకా లేవలేదు. లేచాక దుప్పటి అడిగింది.

పెయింటు శనివారం. వచ్చే బుధవారం తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరుతున్నాం, ఎండెక్కేలోపు వేపచెట్టు కిందికి చేరాలి.