2^127 − 1కి లూకాస్–లెమర్ పరీక్ష: ఎస్7 దగ్గర తేడా ఎందుకు?

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు డిసెంబరు 22 గణిత దినోత్సవానికి చూపించాల్సిన సీ ప్రోగ్రామ్ ఇది. పెద్ద లైబ్రరీ ఏదీ వాడకూడదన్నది షరతు.

2^పి − 1 ప్రధాన సంఖ్యో కాదో తేల్చే పరీక్ష ఇది. మొదలు 4 (ఎస్0), తర్వాతివి ఎస్1, ఎస్2... ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేసి, 2^పి − 1తో శేషం. పి − 2 సార్లయ్యాక సున్నా వస్తే 2^పి − 1 ప్రధాన సంఖ్య. పి = 11కి చివర 1736 (2047 = 23 × 89 కదా), 31కీ 61కీ సున్నా. ఇవన్నీ సరే.

127 దగ్గరే చిక్కు. వర్గం 254 బిట్లు, 128 బిట్ల టైపు చాలదు. అందుకని 64 బిట్ల ముక్కలు రెండు చేసి గుణిస్తున్నాం. భాగహారం లేదు: కింది 127 బిట్లకు పై 127 బిట్లు కూడటం (మడత), మిగిలితే మళ్లీ ఒకసారి మడత. ఫలితం 2^127 − 1 అయితే సున్నాగా మార్చడం, 2 తీసేముందు విలువ 0 లేదా 1 అయితే మాడ్యులస్ (2^127 − 1) కలపడం కూడా ఉన్నాయి.

పైథాన్‌తో పోలిస్తే ఎస్6 వరకూ ఒకటే, ఎస్7 వేరు. ఎస్6 122 బిట్లే కాబట్టి అప్పటిదాకా మడత అవసరమే రాదు. ఎస్5 61 బిట్లు, కాబట్టి పై ముక్క సున్నా. అంటే అడ్డ గుణకారం (పై ముక్కను కింది ముక్కతో గుణించడం), మడత రెండూ మొదటిసారి ఎస్7లోనే పనిచేస్తాయి. తప్పు దేనిదో!

2^64 వర్గానికి శేషం 2, 2^127 − 2 వర్గానికి శేషం 1 సరిగ్గానే వస్తున్నాయి. ఈ రెండింటిలోనూ కింది 128 బిట్ల పై బిట్టు సున్నాయే, అనుమానం అక్కడే. ఆ బిట్టును, క్యారీని విడివిడిగా పరీక్షించే చిన్న సంఖ్యలు చెప్పగలరా? ఒక గుణకాన్ని ముందే రెట్టింపు చేస్తే షిఫ్ట్ (బిట్లను జరపడం) అక్కర్లేదంటారు, అది మేలా? పి = 521కి 9 ముక్కలు; అక్కడ కరత్సుబా (తక్కువ గుణకారాలతో పెద్ద సంఖ్యలను గుణించే పద్ధతి) అక్కరకొస్తుందా?