శాస్త్రిగారి రాజీనామా, మహబూబ్‌నగర్ రైలు ప్రమాదం: విచారణ నివేదిక ఎక్కడ దొరుకుతుంది?

లాల్ బహదూర్ శాస్త్రి జీవితంపై పాఠశాల ప్రదర్శనకు పలకలు తయారవుతున్నాయి. 1965 యుద్ధం, జై జవాన్ జై కిసాన్, తాష్కెంట్ ఒప్పందం, మర్నాడే 1966 జనవరి 11న మరణం: వీటికి ఆధారాలు పుష్కలం. చిక్కంతా 1956 పలకతోనే.

చాలా వ్యాసాలు మహబూబ్‌నగర్ ప్రమాదానికే ఆయన రైల్వే మంత్రి పదవి వదిలారని రాసేస్తున్నాయి. అది సరికాదు. సెప్టెంబర్‌లో జడ్చర్ల దగ్గర వంతెన కూలినప్పుడు రాజీనామా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌లో తమిళనాట అరియలూరు ప్రమాదం తర్వాత ఇచ్చినదే ఆమోదం పొందింది. మన పిల్లలకు ఈ తేడా తెలియాలి.

వెతికేవారికి రెండు సంగతులు. అప్పటికి మహబూబ్‌నగర్ హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది నవంబర్ 1న. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే 1966లో గానీ పుట్టలేదు, అప్పట్లో ఆ లైను సెంట్రల్ రైల్వేది. అందుకే సికింద్రాబాద్ పేరుతో వెతికితే కాగితాలు చిక్కవు.

కావలసినవి: వంతెన కూలడంపై విచారణ నివేదిక ప్రతి, లేదా ఫైలు నంబరు, ఆ వారం గోలకొండ పత్రిక మొదటి పేజీ, తేదీ కనిపించేలా స్కాన్. మృతులు 112 అని కొందరు, ఇంకా ఎక్కువని కొందరు రాశారు. నివేదిక చూస్తే గానీ పలక మీద అంకె వేయలేం. ఢిల్లీ జాతీయ అభిలేఖాగారంలో రైల్వే ఫైళ్లు చూసినవారు ఏ శాఖ పేరు కింద అడగాలో చెప్పగలరా? ఆ ఊళ్ల పెద్దల దగ్గర ఫొటోలున్నా చాలా మేలు.